నాయకత్వ పాఠాలు – 4: సలహా అడగడం నేర్చుకుందాం

గత పాఠంలో అమానత్ గురించి చదువుకున్నాం. పదవి మన సొత్తు కాదని, అల్లాహ్ మనకు అప్పగించిన బాధ్యత అని చూశాం. ఈసారి ఆ బాధ్యత మోసేవాళ్లకు రోజూ అవసరమయ్యే ఒక పని సాధన చేద్దాం: మష్వరా, అంటే సలహా అడగడం. మసీదు కమిటీలోనైనా, ఇంట్లోనైనా, ఆఫీసులోనైనా పెద్దగా ఉన్నవాళ్లు చాలామంది సలహా అడుగుతారు. కానీ నిర్ణయం ముందే తీసేసుకుని, నలుగురితో "సరే" అనిపించుకోవడానికి అడుగుతారు. అలా అడిగితే కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఒకే సంఘటన తీసుకుని నిదానంగా చూద్దాం. హిజ్రీ 18, అంటే 639 ప్రాంతంలో, ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుంచి షామ్ దేశానికి (నేటి సిరియా, దాని చుట్టుపక్కల ప్రాంతం) బయలుదేరారు. దారిలో సర్గ్ అనే చోట సేనాధిపతి అబూ ఉబైదా (రజి), మిగతా సేనానులు ఎదురొచ్చి, షామ్‌లో ప్లేగు వ్యాపించిందని చెప్పారు. ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా?

ఉమర్ (రజి) మొదట తొలితరం ముహాజిర్లను, అంటే మక్కా నుంచి మదీనాకు వలస వచ్చినవాళ్లను పిలిపించారు. వచ్చిన పని వదిలి తిరిగిపోవడం సరికాదని కొందరన్నారు. వెంట ఉన్న సహాబాలను (ప్రవక్త సహచరులను) ప్లేగులోకి తీసుకెళ్లవద్దని కొందరన్నారు. వాళ్లను పంపించి అన్సార్లను, అంటే ఆ వలసవచ్చినవాళ్లకు అండగా నిలిచిన మదీనావాసులను పిలిపించారు. వాళ్లలోనూ అవే రెండు అభిప్రాయాలు. ఆ తర్వాత మక్కా విజయం నాటికి హిజ్రత్ (మదీనాకు వలస) చేసిన ఖురైష్ తెగ పెద్దలను పిలిపించారు. వాళ్లందరూ ఒకే మాట అన్నారు, వెనక్కి వెళ్లిపోదామని. తెల్లారి తిరుగు ప్రయాణం అని ఉమర్ (రజి) ప్రకటించారు.

ఇక్కడ కాస్త ఆగండి. ఆయన అందరినీ ఒకేచోట కూర్చోబెట్టలేదు, విడివిడిగా అడిగారు. తొలితరం వాళ్ల ముందు తర్వాత వచ్చినవాళ్లు నోరు విప్పడం కష్టం. మన సమావేశాల్లోనూ అంతే, పెద్దాయన మాట్లాడాక కుర్రవాళ్లు మౌనంగా ఉండిపోతారు. పైగా ముందుగా ఇస్లాం స్వీకరించినవాళ్లకే ఉమర్ (రజి) పాలనలో పెద్దపీట. అయినా ఈ విషయంలో చివరగా వచ్చినవాళ్ల మాటనే ఆయన తీసుకున్నారు. నాకు ఈ మొత్తం ఘట్టంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

అబూ ఉబైదా (రజి)కి ఆ నిర్ణయం నచ్చలేదు. "అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా?" అని ఖలీఫానే నిలదీశారు. "అవును, అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపుకే పోతున్నాం" అన్నారు ఉమర్ (రజి). ఒకవైపు పచ్చిక, ఒకవైపు ఎండునేల ఉన్న లోయలో నీ ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధించినదే కదా అని వివరించారు. ఎదురు ప్రశ్న వేసినందుకు కోప్పడి నోరు మూయించలేదు.

అంతలో ఏదో పని మీద వెళ్లిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తిరిగొచ్చారు. "దీని గురించి నా దగ్గర జ్ఞానం ఉంది" అన్నారు. ఒక ప్రాంతంలో ప్లేగు ఉందని వింటే అక్కడికి వెళ్లవద్దని, మీరున్న చోటే అది వస్తే పారిపోవడానికి బయటికి వెళ్లవద్దని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానన్నారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. మూడు బృందాలను అడిగినా దొరకని సమాధానం, ఆ సమయానికి అక్కడ లేని ఒక్కరి దగ్గర ఉంది. ఇంత పెద్ద రాజ్యానికి నాయకుడు, తనకు తెలియని హదీసును (ప్రవక్త మాటను) అందరి ముందు విని నేర్చుకున్నారు.

"నాయకులు కాకముందే ధర్మజ్ఞానం సంపాదించండి" అన్నది ఉమర్ (రజి) మాటే. హదీసులు సేకరించిన ఇమామ్ బుఖారీ (రహ్మ) దానికి "అయ్యాక కూడా" అని చేర్చారు, సహాబాలు పెద్ద వయసులోనూ నేర్చుకున్నారని గుర్తుచేస్తూ.

సలహా విని నష్టపోతే? 625లో ఉహుద్ యుద్ధానికి ముందు మదీనాలోనే ఉండి మక్కా సైన్యాన్ని ఎదుర్కోవాలన్నది ప్రవక్త (స) అభిప్రాయం. బయటికెళ్లి పోరాడాలని పట్టుబట్టినవాళ్లు ఎక్కువమంది కావడంతో ఆయన బయలుదేరారు. ముస్లింలకు తీవ్ర నష్టం జరిగింది. ఆ యుద్ధం తర్వాత అవతరించిన ఖురాన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతు (వాక్యం), సహాబాలను క్షమించమని, వ్యవహారాల్లో వాళ్లను సంప్రదించమని, నిశ్చయించుకున్నాక అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స)ను ఆదేశించింది. ఫలితం చెడిందని సంప్రదించడం మానే వీలు మనకు లేదు.

ఈ వారం సాధన. మీ చేతిలో ఉన్న ఒక నిజమైన నిర్ణయం ఎంచుకోండి. ఇఫ్తార్ ఏర్పాట్లు కావచ్చు, పిల్లల మక్తబ్ (ధార్మిక పాఠశాల) టైమింగ్స్ కావచ్చు. మీ అభిప్రాయం ముందుగా ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి, ఎవరికీ చెప్పొద్దు. తర్వాత కనీసం మూడు రకాల వాళ్లను విడివిడిగా అడగండి, చిన్నవాళ్లను ముందు. ఆడవాళ్లను వదిలేయొద్దు. 628లో హుదైబియా దగ్గర మక్కావాళ్లతో ఒప్పందం జరిగాక సహాబాలు బాధతో కదలకుండా ఉండిపోయినప్పుడు దారి చూపింది ప్రవక్త (స) భార్య ఉమ్మె సలమా (రజి) సలహానే. చివరగా "దీని గురించి తెలిసి, ఇక్కడ లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, వాళ్లకు ఫోన్ చేయండి.

అంతా అయ్యాక ఆ కాగితం వెనుక, మీకు ముందు తెలియని విషయాలు ఏమేం తెలిశాయో, ఎవరి ద్వారా తెలిశాయో రాయండి. వెనుక వైపు ఖాళీగా మిగిలితే మీరు ప్రశ్న అడిగిన తీరును ఒకసారి చూసుకుని, మరొకరిని అడగండి. వచ్చే పాఠం కోపంలో నిర్ణయాన్ని వాయిదా వేయడం గురించి. ఇన్షా అల్లాహ్, ఆ పాఠానికి ఈ కాగితం కావాలి, దాచి ఉంచండి.