మానోమీటర్ రీడింగు తేడా వస్తోందా? ముందు లోపలి ద్రవాన్ని చూడండి

యు-ట్యూబ్ మానోమీటర్ అంటే పీడనం తేడాని ద్రవం ఎత్తుతో చూపించే యు ఆకారపు గొట్టం. గొట్టం పగలనంతవరకూ ఇందులో పాడయ్యే భాగాలంటూ పెద్దగా ఉండవు. పీడనం అంటే ద్రవం సాంద్రత, గురుత్వ త్వరణం, ఎత్తు తేడా, ఈ మూడింటి గుణకారమే. ఎత్తు కంటికి కనిపిస్తుంది, గురుత్వం మారదు. కాబట్టి అనుమానించాల్సింది ద్రవాన్నే.

రీడింగు ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తక్కువగా వస్తోంది

చాలాచోట్ల కనిపించే తప్పు ఇదే. స్కేలు 0.826 సాపేక్ష సాంద్రత (నీళ్లని 1 అనుకుంటే వచ్చే సాంద్రత) ఉన్న ఎర్ర నూనెకి గీసి ఉంటుంది. నూనె తగ్గిందని ఎవరో నీళ్లు రంగు కలిపి పోసేస్తారు. నీళ్లు బరువు ఎక్కువ కాబట్టి తక్కువ ఎత్తే లేస్తాయి, స్కేలు దాదాపు 17 శాతం తక్కువ చూపిస్తుంది. రంగు చూసి మోసపోకండి, తూచి చూడండి. 50 మి.లీ. వోల్యూమెట్రిక్ ఫ్లాస్కును ఖాళీగా తూచి, 20 డిగ్రీల దగ్గర గీత వరకు ద్రవం నింపి మళ్లీ తూచాలి. తేడా 41.3 గ్రాములొస్తే సరైన నూనే, 49.9 వస్తే నీళ్లు. మొత్తం పారబోసి, గొట్టం కడిగి ఆరబెట్టి, స్కేలు మీద రాసిన ద్రవమే పోయాలి. ఈలోగా పని ఆగకూడదంటే స్కేలు రీడింగును ఇప్పుడు గొట్టంలో ఉన్న ద్రవం సాంద్రతతో గుణించి, స్కేలు మీద రాసిన ద్రవం సాంద్రతతో భాగించండి. ఇక్కడైతే 1.21తో గుణిస్తే సరిపోతుంది.

ద్రవం కదలీ కదలనట్టుంది, లేదా గొట్టంలోంచి బయటికి చిమ్మింది

రెండూ ఒకే తప్పుకి రెండు కొసలు: పరిధికి తగ్గ ద్రవం పడలేదు. 100 పాస్కళ్ల (పాస్కల్ పీడనానికి ప్రమాణం) పీడనానికి నీళ్లు 10 మి.మీ. లేస్తాయి, పాదరసం 0.75 మి.మీ. మాత్రమే. నీళ్ల దగ్గర కూడా అర మి.మీ. చూపు తప్పితే 5 శాతం పోయినట్టే. ఫిల్టరు, ఫ్యాను డక్టు లాంటి చిన్న పీడనాలకి తేలికైన నూనె పోసి, గొట్టాన్ని 1:10 వాలుగా పెట్టాలి. అప్పుడు నీళ్లకే ద్రవం గొట్టం వెంట 100 మి.మీ. పాకుతుంది.

అదే 30 కిలోపాస్కళ్లు కొలవాలంటే నీళ్లకి 3 మీటర్ల పైన గొట్టం కావాలి. 2.95 సాపేక్ష సాంద్రత ఉన్న మానోమీటర్ ద్రవానికి మీటరుకి కాస్త పైన చాలు, పాదరసానికి 225 మి.మీ. సరిపోతుంది. బరువైన ద్రవాలు రబ్బరునీ కొన్ని ప్లాస్టిక్కులనీ తింటాయి, గాజు గొట్టమే వాడటం మేలు. పాత పుస్తకాల్లో కనిపించే కార్బన్ టెట్రాక్లోరైడ్ జోలికి మాత్రం పోవద్దు. దాని ఆవిరి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

రెండు కొసలూ తెరిచి ఉన్నా మట్టాలు సమానంగా లేవు

యు వంపు దగ్గర వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. ఎర్ర నూనె అడుగున రంగులేని చిన్న ముద్ద కనిపిస్తే అది గాలిలోంచి వచ్చిన తేమ. నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి వంపులోనే చేరి, ఒక పక్కకి ఎక్కువ జరిగితే సున్నా తప్పుతుంది. ద్రవం తీసేసి కొత్తది పోయండి. పీడనం వచ్చే గొట్టంలో తేమ పట్టే పాత్ర ఒకటి పెట్టండి, లేకపోతే మళ్లీ ఇదే కథ.

నీళ్లు కాకపోతే గాలి బుడగో, మురికో అయి ఉంటుంది. 4 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో నీళ్లు కేశనాళికత (సన్న గొట్టంలో ద్రవం తనంతట తానే పైకి పాకడం) వల్లే 7 మి.మీ. పైకి లేస్తాయి. రెండు కాళ్లూ ఒకేలా ఉన్నప్పుడు ఇది తీసివేతలో పోతుంది. ఒక కాలికి జిడ్డు పట్టిందంటే పోదు. సబ్బునీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించాలి. 10 మి.మీ. గొట్టమైతే ఈ లేవడం 3 మి.మీ.కి పడిపోతుంది.

సున్నా రోజురోజుకీ కిందికి జారుతోంది

వెల్ రకం (ఒక కాలి బదులు వెడల్పాటి పాత్ర ఉండేది), వాలు రకం మానోమీటర్లలో ఆల్కహాల్ పోస్తే ఇది తప్పదు, ఆవిరైపోతుంది. పైగా 10 డిగ్రీల వేడి పెరిగితే దాని సాంద్రత 1 శాతం పైన తగ్గుతుంది. అక్రిలిక్ గొట్టమైతే సన్నటి పగుళ్లు తేలి మసకబారుతుంది కూడా. ఆవిరి తక్కువగా ఉండే నూనెకి మారడమే మందు.

నీటి లైనులో పాదరసం పెట్టి కొలిస్తే 8 శాతం ఎక్కువ వస్తోంది

పాదరసం మీద గాలి కాదు, నీళ్లున్నాయి. లెక్కలో పాదరసం సాపేక్ష సాంద్రత 13.6 కాదు, అందులోంచి నీళ్ల 1 తీసేసి 12.6 వెయ్యాలి. చిన్న తేడాలకైతే 1.75 సాపేక్ష సాంద్రత ఉండి నీళ్లలో కలవని ద్రవం మేలు. అప్పుడు పనిచేసేది 0.75 మాత్రమే, అందుకే ఎత్తు బాగా కనిపిస్తుంది.

పాదరసాన్ని ఇత్తడి, రాగి, అల్యూమినియం ఫిట్టింగులకి తగలనివ్వకూడదు, వాటితో కలిసి అమాల్గం (పాదరసం కలిసిన మిశ్రలోహం) అవుతుంది. అమ్మోనియా, ఎసిటిలీన్ లైన్లకి అసలే వద్దు, పేలుడు పదార్థాలు తయారవుతాయి. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం పాదరసం మానోమీటర్ల తయారీకి 2020ని గడువుగా పెట్టింది. కొత్తగా కొనేటప్పుడు దాన్ని లెక్కలోంచి తీసేయడమే మంచిది.

ద్రవం మార్చాక రెండు కొసలూ తెరిచి, గొట్టం గోడ వెంట మెల్లగా పోసి, వేలితో తట్టి బుడగలు పైకి రానివ్వండి. నూనె గోడలకి పొరలా అంటుకుని నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి రెండు మూడు నిమిషాలాగి సున్నా సరిచెయ్యండి. నీళ్లకీ నూనెకీ మెనిస్కస్ (గొట్టంలో ద్రవం పైతలం వంపు) అడుగుభాగం, పాదరసానికి పైభాగం కంటి మట్టంలో చూడాలి.