మెట్ల అంచుపట్టీ బిగించే ముందు జాగ్రత్తలు

– మెట్ల మీద అతికించే లామినేట్ పలకల్నీ (చెక్కలా కనిపించే ఫ్లోరింగ్ పలకలు), మెట్టు ముందు అంచున బిగించే అంచుపట్టీల్నీ ఇంట్లోనే 48 గంటలు పడుకోబెట్టి ఉంచండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, పలకలు కాస్త ఉబ్బుతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

– సిమెంటు మెట్టు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. అడుగున చెమట పడితే మెట్టు ఇంకా ఆరలేదన్నమాట.

– గదిలోలా మెట్ల మీద పలకల్ని ఊరికే పరిచి వదలకూడదు. పూర్తిగా జిగురుతో అతికించాలి. కదిలే పలక మీద ఎంత ఖరీదైన పట్టీ అయినా నిలవదు.

– స్క్రూల దగ్గర పిసినారితనం వద్దు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలే కొనండి, ఉప్పుగాలిని ఎక్కువగా తట్టుకునే 316 గ్రేడు దొరికితే ఇంకా మంచిది. స్క్రూ తల పట్టీలోకి దిగిపోవాలి. పైకి పొడుచుకొస్తే అరికాలు కోసుకుంటుంది, ఇంట్లో చెప్పుల్లేకుండానే తిరుగుతాం కదా.

– ప్రతి మెట్టూ విడిగా కొలవండి. మేస్త్రీ కట్టిన మెట్లన్నీ ఒకే కొలతలో ఉంటాయని నమ్మకండి.

– కాంక్రీటులో రంధ్రాలకు హ్యామర్ డ్రిల్లు, వాటిలో స్క్రూ పట్టుకోడానికి ప్లాస్టిక్ ప్లగ్గులు వాడండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

– జిగురు ఆరేదాకా మెట్లకు అడ్డంగా తాడు కట్టండి. పైన పెద్దవాళ్లుంటే వాళ్లను ముందే కిందికి దించండి.