నెట్‌వర్క్ యాక్సెస్ కంట్రోల్ వ్యవస్థలను పోల్చి ఎంచుకోవడం ఎలా?

నెల్లూరు పరిసరాల్లోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులోనైనా, చీమకుర్తిలోని గ్రానైట్ యూనిట్‌లోనైనా, ఒంగోలులోని ఆసుపత్రిలోనైనా గోడకున్న ల్యాన్ సాకెట్‌కు బయటి వ్యక్తి తన ల్యాప్‌టాప్‌ను తగిలిస్తే అడ్డుకునే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. ఎవరు, ఏ పరికరంతో, నెట్‌వర్క్‌లో ఎంతవరకు రావచ్చునో ప్రతి పోర్టు వద్దా, ప్రతి వైఫై కనెక్షన్ వద్దా నిర్ణయించే ఏర్పాటే నెట్‌వర్క్ యాక్సెస్ కంట్రోల్, అంటే ఎన్‌ఏసీ. సిస్కో ఐఎస్ఈ, అరూబా క్లియర్‌పాస్, ఫోర్టీన్యాక్, ఫోర్‌స్కౌట్, ప్యాకెట్‌ఫెన్స్ వంటి ఎన్‌ఏసీ ఉత్పత్తుల బ్రోచర్లను పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ అన్ని పనులూ చేస్తాయన్నట్లే కనిపిస్తుంది. అందువల్ల పోలికను బ్రోచర్లతో కాక, సంస్థలోని పరికరాల జాబితాతో మొదలుపెట్టాలి.

ముందుగా పరికరాల కేబుళ్లను కలిపే స్విచ్‌లలోని మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) పట్టికలనూ, పరికరాలకు ఐపీ అడ్రస్‌లు కేటాయించే డీహెచ్‌సీపీ సర్వరు ఇచ్చిన ఐపీల జాబితానూ తీసి, కనిపించిన ప్రతి పరికరం ఏదో, ఎవరిదో రాసుకోవాలి. తరువాత వాటిని రెండు వర్గాలుగా విడదీయాలి. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, ఫోన్లు 802.1ఎక్స్ అనే ప్రమాణం ప్రకారం తమను తాము నిరూపించుకోగలవు: పరికరం తన వివరాలను స్విచ్‌కు ఇస్తుంది, స్విచ్ వాటిని అనుమతులను తేల్చే రేడియస్ సర్వరుకు పంపుతుంది, సర్వరు అనుమతిస్తేనే పోర్టు తెరుచుకుంటుంది. బయోమెట్రిక్ హాజరు యంత్రాలు, పాత సీసీ కెమెరాలు, బార్‌కోడ్ ప్రింటర్లు, వేబ్రిడ్జి కంప్యూటరుకు కలిపిన కన్వర్టర్లు, శీతల గిడ్డంగి ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాలు రెండో వర్గం. వీటిలో ఎక్కువ భాగానికి అలా నిరూపించుకునే శక్తి ఉండదు. ఫ్యాక్టరీలలో ఈ వర్గమే పెద్దదిగా తేలడం అరుదేమీ కాదు.

నా అభిప్రాయంలో ఎంపికను తేల్చేది ఈ రెండో వర్గమే. ఇటువంటి పరికరాలను మ్యాక్ అడ్రస్ చూసి లోపలికి అనుమతించడం వాడుకలో ఉన్న పద్ధతి. కానీ కెమెరా వెనుక అంటించిన చీటీ మీదున్న మ్యాక్ అడ్రస్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టుకోవడం కొద్ది నిమిషాల పని. కాబట్టి ఆ అడ్రస్‌తో వచ్చినది నిజంగా కెమెరాయేనా అని డీహెచ్‌సీపీ అభ్యర్థన తీరునూ, ట్రాఫిక్ స్వభావాన్నీ బట్టి గుర్తించే ప్రొఫైలింగ్ సామర్థ్యం ఎంత గట్టిదో ప్రతి విక్రేత చేతా చూపించమనాలి. మాటలతో సరిపెట్టుకోకుండా, కెమెరా అడ్రస్ పెట్టిన ల్యాప్‌టాప్‌ను వారి ఎదుటే తగిలించి, వ్యవస్థ దాన్ని పసిగట్టిందో లేదో పరీక్షించాలి. పరికరాల్లో ఏజెంటు అనే సాఫ్ట్‌వేర్ వేసే అవసరం లేకుండా, 802.1ఎక్స్ ఉన్నా లేకున్నా పరికరాలను గుర్తించడం ఫోర్‌స్కౌట్‌కు ప్రధాన బలం. సిస్కో ఐఎస్ఈలో ప్రొఫైలింగ్ కావాలంటే ఎసెన్షియల్స్ లైసెన్సు చాలదు, అడ్వాంటేజ్ కావాలి; యాంటీవైరస్, అప్‌డేట్ల స్థితిని తనిఖీ చేసే పోశ్చర్ కోసం ప్రీమియర్ కావాలి. క్లియర్‌పాస్‌లో ఆ తనిఖీ చేసే ఆన్‌గార్డ్‌కు విడిగా లైసెన్సు ఉంటుంది. కొటేషన్లో అతి తక్కువగా కనిపించే ధర సాధారణంగా ఇవేవీ లేని ధర.

రెండో దశలో స్విచ్‌లను చూడాలి. మేనేజ్డ్ కాని, అంటే సెట్టింగులు మార్చే వీలులేని చవక స్విచ్‌లకు 802.1ఎక్స్ రాదు, మంచి స్విచ్ పోర్టు కింద ఎవరో వేలాడదీసిన ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్ కూడా ఏర్పాటును దెబ్బతీస్తుంది. వాటిని మార్చే ఖర్చు ఒక్కోసారి ఎన్‌ఏసీ లైసెన్సును మించిపోతుంది గనుక ముందే లెక్కలో వేసుకోవాలి. స్విచ్‌లన్నీ సిస్కోవే అయితే ఐఎస్ఈ తేలికగా అమరుతుంది. వేర్వేరు కంపెనీలవి కలిసి ఉంటే క్లియర్‌పాస్, ఫోర్టీన్యాక్‌లను కూడా పరిశీలించాలి. ఉచిత రేడియస్ సర్వరైన ఫ్రీరేడియస్ మీద నిర్మించిన ప్యాకెట్‌ఫెన్స్‌కు లైసెన్సు రుసుము లేదు, అయితే లినక్స్ బాగా తెలిసిన మనిషి జీతం దాని అసలు ధర.

మూడో దశ గుర్తింపు పద్ధతి. 802.1ఎక్స్‌లో పరికరం తనను నిరూపించుకునే పద్ధతుల్లో, యూజర్ పాస్‌వర్డు మీద ఆధారపడే పీప్ కన్నా పరికరంలో ఉంచే డిజిటల్ సర్టిఫికెట్ మీద నడిచే ఈఏపీ-టీఎల్ఎస్ భద్రమైనది. పైగా విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ 22హెచ్2 నుంచి లాగిన్ వివరాలు చోరీ కాకుండా కాపాడే క్రెడెన్షియల్ గార్డ్ అనుకూలమైన కంప్యూటర్లలో తనంతట తానే అమలులోకి వస్తున్నందున, లాగిన్ పాస్‌వర్డుతోనే పీప్ కనెక్షన్ దానికదే కుదిరే సౌకర్యం ఆగిపోతుంది. సర్టిఫికెట్లను ఎవరు జారీ చేస్తారు, గడువు తీరకముందే ఎలా మారుస్తారు, ఉద్యోగుల సొంత ఫోన్లలోకి ఎలా చేరుస్తారు అనే ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబు తీసుకోవాలి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 మొదలుకొని ఫోన్లు వైఫైకి అసలుది కాని మారు మ్యాక్ అడ్రస్ చూపుతున్నందున, ఫోన్లను ఆ అడ్రస్‌తో గుర్తించే పథకం ఏదైనా పక్కన పెట్టవచ్చు.

మన తీరంలో తప్పక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: సర్వరు అందకపోతే ఏమవుతుంది? 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ వంటి తుఫాను వచ్చి ఇంటర్నెట్ లైను తెగినప్పుడు, క్లౌడులో నడిచే ఎన్‌ఏసీ మీదే ఆధారపడిన ప్లాంటులో కొత్త కనెక్షన్లు ఆగిపోవచ్చు. అప్పుడు పోర్టులను పూర్తిగా మూసివేయడమా, పూర్తిగా తెరవడమా, లేక అత్యవసర పరికరాలకు మాత్రమే దారినిచ్చే ప్రత్యేక వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగంలో) పెట్టడమా అన్నది స్విచ్‌లోనే ముందుగా అమర్చాలి. స్థానికంగా చిన్న రేడియస్ సర్వరును ఉంచే వీలున్న క్లౌడ్ వ్యవస్థకు ఇక్కడ ఒక మార్కు ఎక్కువ వేయవచ్చు.

ఈ వడపోతలో మిగిలిన ఒకటి రెండు ఉత్పత్తులను సంస్థలోనే పరీక్షించాలి. మొదట ఎవరినీ ఆపకుండా, ఆపి ఉంటే ఎవరు ఆగేవారో మాత్రమే నమోదు చేసే మానిటర్ మోడ్‌లో నడపాలి. రేడియస్‌లో 2024 జులైలో బయటపడిన బ్లాస్ట్‌రేడియస్ అనే భద్రతా లోపానికి తగిన అప్‌డేట్ సర్వరుకే కాక స్విచ్‌లకు కూడా వచ్చిందా అని అడగాలి; పీప్, ఈఏపీ-టీఎల్ఎస్ వంటి ఈఏపీ పద్ధతులు వాడే కనెక్షన్లకు ఆ లోపం తగలకపోయినా, మ్యాక్ అడ్రస్ అనుమతులకు తగలవచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, ఆదేశాల్లో పేర్కొన్న భద్రతా ఘటనలను 6 గంటల్లోపు తెలియజేయాలి గనుక, ఒక తేదీనాడు ఫలానా పోర్టులో ఏ పరికరం ఉందో చెప్పే నివేదికను విక్రేత చేత అక్కడికక్కడే తీయించి చూడాలి. ధరలను మాత్రం ఐదేళ్ల మొత్తానికి, రెన్యూవల్, సపోర్టు కలిపి పోల్చాలి.

కొన్న తరువాత అమలును రిసెప్షన్, సమావేశ గదుల సాకెట్లతో మొదలుపెట్టి, ఆఫీసు కంప్యూటర్లకు విస్తరించి, ఉత్పత్తి విభాగాన్ని చివరకు ఉంచాలి. ఆ చివరి మార్పును కంటైనర్ లోడింగ్ లేని రోజున చేయాలి; ఏ పోర్టునైనా వెంటనే పాత స్థితికి తెచ్చే కమాండ్లను కాగితం మీద అచ్చువేయించి షిఫ్టు ఇన్‌ఛార్జి వద్ద ఉంచాలి.