వానలు పడేలోపు లేజర్ మీథేన్ ఎనలైజర్‌కి చేయాల్సిన పనులు

జూన్ వచ్చేస్తోంది, కాకినాడ వైజాగ్ వైపు గాలిలో నీటి ఆవిరే 3 శాతం దాకా పోద్ది, మనం వెతికే మీథేనేమో మామూలు గాలిలో ఇంచుమించు 2 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 2 పాళ్ళే ఉంటది. ల్యాబ్‌లో అయినా సైట్‌లో అయినా లేజర్ కాంతితో మీథేన్ లీకులు పట్టే ఈ మెషీన్ వాడేవాళ్ళు ఇప్పుడే ఓ పూట కేటాయించండి.

ముందు అద్దాలు. మల్టీపాస్ సెల్‌లో, అంటే గాలిని లోపలికి లాగి కొలిచే గొట్టంలో, లేజర్ రెండు అద్దాల మధ్య పదుల సార్లు తిరుగుద్ది, కాబట్టి అద్దం మీద కొంచెం చెమ్మ పట్టినా చివరికి డిటెక్టర్ దాకా వచ్చే కాంతి బాగా పడిపోద్ది. ఏసీ గదిలో చల్లబడిన సెల్‌లోకి బయటి గాలి డైరెక్టుగా లాగితే జరిగేది అదే, అందుకే సెల్‌ని బయటి గాలి కంటే కాస్త వెచ్చగా ఉంచాకే పంపు ఆన్ చేయండి. చెమ్మ పట్టిందని గుడ్డతో తుడవొద్దు, నోటితో అసలు ఊదొద్దు, గోల్డ్ కోటింగ్ మీద పడ్డ గీత ఇంక పోదు. పొడి నైట్రోజన్ మెల్లగా పంపితే ఆరిపోద్ది, కాకపోతే చిన్న గది తలుపులు మూసేసి మాత్రం వదలొద్దు ప్లీజ్, దానికి వాసన లేదు, ఆక్సిజన్ తగ్గుతున్నట్టు తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

ఉరుములొస్తే కరెంట్ పోతా వస్తా ఉంటది, లేజర్ డయోడ్ (కాంతి పుట్టించే చిప్పు) కరెంట్ ఒక్కసారి కాస్త ఎగదన్నినా పోద్ది, యూపీఎస్ తప్పనిసరి. కరెంట్ వచ్చాక ముందు టెంపరేచర్ కంట్రోలర్ ఆన్ చేసి సెటిల్ అవ్వనివ్వండి, ఆ తర్వాతే లేజర్ కరెంట్ సున్నా నుంచి పెంచండి. ఇంకోటి, ఈ లేజర్ 1.65 మైక్రాన్ల కాంతి కంటికి కనపడదు కానీ కంటిని దెబ్బతీయగలదు, ఫైబర్ కనెక్టర్ క్లీన్ చేసేముందు లేజర్ ఆఫ్ చేయాల్సిందే.

నాకు అన్నిటికంటే భయం సున్నా రీడింగ్ అంటేనే. డయోడ్ టెంపరేచర్ ఒక్క డిగ్రీ మారితే వేవ్‌లెంగ్త్ 0.1 నానోమీటర్ దాకా జరుగుద్ది, థర్మిస్టర్ (డయోడ్ టెంపరేచర్ కొలిచే సెన్సర్) పిన్నులకి తేమ పట్టి టెంపరేచర్ తప్పు చూపిస్తే లేజర్ మీథేన్ లైన్ (మీథేన్ పీల్చుకునే వేవ్‌లెంగ్త్) మీద నుంచి పక్కకి పోద్ది, స్క్రీన్ మీద సున్నా వస్తది, మనం లీక్ లేదనుకుంటాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఎంతమంది పోయారో మనకి తెలుసు కదా. అందుకే రోజూ పని మొదలెట్టేముందు బయటి గాలి చూపించండి, 1.9, 2 పీపీఎం అలా రావాలి, రాకపోతే రిఫరెన్స్ సెల్‌తో (మీథేన్ నింపి మూసేసిన చిన్న గొట్టం) లైన్ మళ్ళీ పట్టుకునేదాకా ఆ మెషీన్‌ని నమ్మి ఎక్కడా క్లియరెన్స్ ఇవ్వొద్దు, ఈలోపు మామూలు గ్యాస్ డిటెక్టర్ వాడండి.