పూల మీద పిల్లిమొగ్గలు వేసే బుల్లి నల్ల పురుగుని గుర్తుపట్టడం ఎలా?

పువ్వు మీద నువ్వుగింజంత నల్ల పురుగు కనిపించి, వేలు దగ్గరికి పెట్టగానే గిలగిలా తన్నుకుని పిల్లిమొగ్గలేస్తూ కింద పడిపోయిందా? అయితే అది చాలావరకు టంబ్లింగ్ ఫ్లవర్ బీటిలే. మోర్డెల్లిడే అనే కుటుంబం వీటిది, వెయ్యికి పైనే జాతులున్నాయి. కంగారుపడి మందు కొట్టేయకండి ప్లీజ్, అవి పువ్వు మీదకొచ్చేది పుప్పొడి తినడానికే.

స్టెప్ 1: గొడుగులా పరుచుకునే పూలు, అంటే క్యారెట్, కొత్తిమీర, సోంపు లాంటివి, ఇంకా చామంతి కుటుంబం పూలు చూడండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడైతే అంత చురుగ్గా ఉండవు.

స్టెప్ 2: పక్క నుంచి చూడాలి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పైనుంచి అన్నీ నల్ల చుక్కల్లానే ఉంటాయి, అదే పక్క నుంచి చూస్తే వీపు గూనిలా వంగి, తల కిందకి ముడుచుకుని, ఒళ్ళు వెనక్కి పోయేకొద్దీ సన్నబడి, చివర్లో రెక్కల పెంకులు దాటుకుని ముల్లులాంటి మొన బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. చూసి భయపడతారు గానీ అది కుట్టే ముల్లు కాదు, పొట్ట చివరి భాగమే అలా సాగింది. ఒంటి నిండా సన్నటి నూగు కూడా ఉంటుంది, ఎండ పడితే పట్టుబట్టలా మెరుస్తుంది, భలే ఉంటుంది చూడ్డానికి. కొన్నిటికి లేత రంగు మచ్చలుంటాయి.

స్టెప్ 3: పువ్వు కింద తెల్ల కాగితం పట్టుకుని మెల్లిగా తట్టండి. వెనక కాళ్ళు మిగతావాటికన్నా బాగా పెద్దవి, వాటితోనే తన్నుకుని ఎటు పోతుందో తెలీకుండా దొర్లుతుంది.

స్టెప్ 4: పోలికలతో మోసపోకండి. ఫ్లీ బీటిల్ కూడా గెంతుతుంది కానీ దానికి మొన ఉండదు, ఆకులకి బుల్లి బుల్లి చిల్లులు పెడుతుంది. కార్పెట్ బీటిల్ గుండ్రంగా రంగు పొలుసులతో ఉంటుంది. అనాస్పిస్ అనేదొకటుంది, ఆకారం అచ్చం ఇలాగే, తోక మొన మాత్రం ఉండదు.

స్టెప్ 5: ఫోన్‌కి మాక్రో లెన్స్ ఉంటే వెనక కాలి పిక్క భాగాన్ని ఫోటో తీయండి. ఈ కుటుంబంలోనే మోర్డెల్లిస్టెనా, మోర్డెల్లా అని రెండు రకాలున్నాయి. మోర్డెల్లిస్టెనా అయితే అక్కడ ఏటవాలు గీతలు కొన్ని కనిపిస్తాయి, మోర్డెల్లాకైతే చివర దగ్గర ఒక్క చిన్న గీతే. జాతి పేరు దాకా వెళ్ళాలంటే మాత్రం ఫోటో సరిపోదు, చాలావాటిని మైక్రోస్కోప్ కింద కోసి చూస్తే గానీ తేలదు, అందుకే నేనైతే ఈ గీతల దగ్గరే ఆపేసి పురుగుని మళ్ళీ పువ్వు మీదే వదిలేస్తా.