మంగమారిపేట రాళ్ల మీద ఎవరెక్కడ ఉంటారో చదవడం ఎలా

సముద్రపు రాళ్ల మీద ఏ జీవి ఎక్కడుందో, ఎందుకుందో చదవాలంటే ముందు జీవుల పేర్ల వెంట పడటం ఆపండి. జాబితా ఎంత పొడుగున్నా అవి అక్కడే ఎందుకున్నాయో అది చెప్పదు. ఒంటి తీరు చూడాలి, ఆ చోటు ఆ ఒంటిని ఎంత ఇబ్బంది పెడుతోందో చూడాలి, ఆ తర్వాత పక్కన ఎవరున్నారో చూడాలి. వైజాగ్‌లో దీనికి ఆర్కే బీచ్ ఇసుక కంటే తొట్లకొండ దగ్గరి మంగమారిపేట రాళ్లో, తెన్నేటి పార్కు కింది రాళ్లో మేలు, ఎందుకంటే ఇసుకలో చాలా జీవాలు బొరియల్లోనే ఉండిపోతాయి.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వెళ్లండి, నీరు బాగా వెనక్కి పోయేది అప్పుడే. మన తీరంలో రోజుకి రెండు ఆట్లు, రెండు పోట్లు, మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఫోన్లో టైడ్ టైము చూసుకుని గంట ముందే చేరితే, నీరు తగ్గుతుంటే దాని వెంటే దిగొచ్చు. పాచి పట్టిన రాయి మీద హవాయి చెప్పులు వద్దు. కెరటానికి వీపు పెట్టొద్దు, మన సముద్రం సంగతి తెలిసిందే కదా.

పై రాయి నుంచి నీటి అంచు దాకా ఒక తాడు పరవండి. తీగని 25 సెంటీమీటర్ల చదరంగా వంచి, తాడు వెంట మీటరుకొక చోట పెట్టి, ఫోటో తీసి, లోపల ఎవరు ఎంత భాగం కప్పారో, అంటుకుని ఉన్నారా కదులుతున్నారా, ఎత్తెంత, మూత ఉందా, తిండి గీక్కుంటారా లేక నీటిలోంచి వడగట్టుకుంటారా రాసుకోండి. పేరు తెలియకపోతే ‘తెల్ల బొడిపె’ అని రాసినా పర్లేదు.

అన్నిటికంటే పైన, పగుళ్లలో గుంపుగా గోరంత నత్తలుంటాయి. ఒకదాన్ని దగ్గరగా చూడండి: ఒంటిని లోపలికి లాక్కుని మూత బిగించేసి, పెంకు అంచుని మాత్రం ఎండిన జిగురుతో రాయికి అతికించుకుని వేలాడుతుంటుంది. దాంతో ఒంట్లో తడి పోదు, కాలిపోయే రాయికి ఒళ్లు తగలదు. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ రాయి మీద అరచెయ్యి పెడితే ఈ ఏర్పాటంతా ఎందుకో అర్థమవుతుంది. కాస్త కిందికి బార్నకిల్స్, అంటే కాలు గీరుకుపోయే ఆ తెల్ల బొడిపెలు. పీతలకి, రొయ్యలకి చుట్టాలే గానీ, తలని రాయికి అతికించుకుని కాళ్లతో తిండి అందుకుంటాయి, అదీ నీట మునిగినప్పుడే. ఇంకా కింద మసెల్స్, అంటే రాయికి అంటుకునే రెండు చిప్పల జీవాలు, పల్చటి పచ్చ నాచు, గుంటల్లో పువ్వులా విచ్చుకునే మెత్తటి సీ అనిమోన్లు.

ఇప్పుడు అసలు పని: ప్రతి జీవి పై హద్దు, కింది హద్దు విడివిడిగా చూడటం. స్కాట్లాండ్ తీరంలో జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త చేసిన పని 1961లో అచ్చయింది. అక్కడ చిన్న బార్నకిల్ జాతి పైన, పెద్ద జాతి కింద ఉండేవి. పెద్దవాటిని తీసేస్తే చిన్నవి కిందా హాయిగా బతికాయి, తీయకపోతే పెద్దవి వాటి మీదికి పెరిగి నొక్కేసి చంపాయి. పెద్దవేమో పైన ఎండకి తట్టుకోలేవు. మొత్తమ్మీద పై హద్దు ఎక్కువగా ఎండది, కింది హద్దు ఎక్కువగా పొరుగుది. మన రాళ్ల మీదా అచ్చం ఇలాగే ఉండాలని రూలేం లేదు, కాబట్టి పరీక్షించండి: కెరటం ఒకేలా తగిలే రాయికి ఎండ పక్క, నీడ పక్క పోల్చండి. నీడ పక్క అదే జీవి ఇంకా పైకి ఎక్కి ఉంటే, దాన్ని ఆపుతున్నది ఎండే అనుకోవచ్చు.

పొరుగంటే చోటు కోసం పోటీయే కాదు, తినేవాళ్లు కూడా. అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త మసెల్స్‌ని తినే ఒక జాతి సముద్ర నక్షత్రాల్ని ఏరేస్తూ పోతే మసెల్స్ రాయంతా ఆక్రమించాయి, 15 జాతుల్లో 8 మిగిలాయని 1966లో రాశారు.

ఇంటికొచ్చాక లెక్క. ఒక చదరంలో జీవాలు కప్పిన మేరలో బార్నకిల్స్ 75 శాతం, ఎత్తు 4 మిల్లీమీటర్లు, మసెల్స్ 25 శాతం, ఎత్తు 12 అనుకోండి. వాటాని బట్టి సగటు ఎత్తు 3+3, అంటే 6 మిల్లీమీటర్లు. తాడు వెంట దిగేకొద్దీ ఈ సగటు ఒకే దిక్కుకి మారుతుంటే, చోటు మారడానికీ ఒంటి తీరు మారడానికీ లింకుందన్నమాట. ఒకే చదరంలో అందరూ ఒకేలా ఉంటే మాత్రం వెంటనే ‘తట్టుకోలేనివాళ్లని ఎండే వడకట్టింది’ అనేయకండి, బలమైన జాతి మిగతావాళ్లని గెంటేసినా అలాగే కనిపిస్తుంది.

ఏప్రిల్లో చేసింది నవంబరులో అక్కడే మళ్లీ చేయండి. వానాకాలం తర్వాత గంగ, మహానది నీళ్లు తీరం వెంట కిందికి దిగొచ్చి ఇక్కడ ఉప్పదనం తగ్గిస్తాయి, ఎండా అంత ఉండదు. తాడు మొదలు గుర్తుకి రాయి మీద పెయింట్ వేయకండి, పగుళ్లు కనిపించేలా ఒక ఫోటో చాలు.