కారు డోర్ స్కిన్‌ని (తలుపు బయటి రేకుని) ఎపాక్సీ గమ్‌తో అతికించే ముందు ఇవి చూసుకోండి

- ముందు ఆ కారు రిపేర్ మాన్యువల్ తీయండి. ఎక్కడ గమ్, ఎక్కడ స్పాట్ వెల్డ్, ఎక్కడ రెండూ కలిపి అన్నది కంపెనీ చెప్పినట్టే చేయాలి, ఎందుకంటే వెల్డింగ్ మాత్రమే చెప్పిన చోట మన ఇష్టానికి గమ్ పెడితే రేపు యాక్సిడెంట్‌లో లోపల కూర్చున్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది.

- ట్యూబ్ మీద ఎక్స్‌పైరీ డేట్.

- గమ్ లేకుండానే స్కిన్ పెట్టి, క్లాంపులు బిగించి, తలుపు చుట్టూ గ్యాపులు సరిచూసుకోండి. గమ్ పూశాక సర్దుకుందాంలే అంటే కుదరదు.

- అంచుల్లో పెయింట్, తుప్పు, పాత గమ్ పూర్తిగా తీసేసి, గమ్ కంపెనీ చెప్పిన క్లీనర్‌తో తుడవండి. మామూలు థిన్నర్ వద్దు, తుడిచిన చోట వేలు కూడా పెట్టొద్దు. ఎక్కువ జాయింట్లు ఊడేది ఇక్కడి అశ్రద్ధ వల్లే అని నా గట్టి నమ్మకం.

- మిక్సింగ్ నాజిల్ (గమ్‌ని కలిపి వదిలే మూతి) తగిలించకముందే ట్యూబ్ కొంచెం నొక్కి, గమ్‌లోని రెండు భాగాలూ (రెసిన్, హార్డెనర్) ఒకేసారి వస్తున్నాయో చూడండి. నాజిల్ పెట్టాక మొదట వచ్చేది పారేయండి, అది సరిగ్గా కలిసి ఉండదు.

- మన ఎండాకాలంలో రేకుల షెడ్డులో గమ్ తొందరగా గట్టిపడుతుంది, అందుకే ఉదయం చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి, క్లాంపులన్నీ చేతికి అందేలా ఉంచుకోండి.

- క్లాంపులు మరీ బిగిస్తే గమ్ అంతా బయటికి వచ్చేస్తుంది. స్కిన్‌ని ఎత్తి మళ్లీ పెట్టొద్దు, కావాలంటే జరపండి.

- నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఎపాక్సీతో చర్మానికి ఒకసారి అలర్జీ వచ్చిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. మీ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకీ గ్లౌజులు, కళ్లద్దాలు ఇవ్వండి.